ప్రజల డబ్బుతో ఆరోగ్య పరిశోధన: సర్వేవాళ్లు గుమ్మంలోకి వచ్చినప్పుడు అందరూ అడిగే ప్రశ్నలు

షుగరు, బీపీ, తిండి, నిద్ర, టెన్షన్, డిప్రెషన్ గురించి ప్రభుత్వ ఖర్చుతో జరిగే పరిశోధనల మీద మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నింటికి రెండు ముక్కలు చాలు.

మాకు ఏ జబ్బూ లేదు కదా, మా మీద పరిశోధన ఏంటండీ?

జబ్బు లేదు కాబట్టే వచ్చారు. వచ్చిన జబ్బుకి ఏ మందు పనిచేస్తుందో చూడటం ఒక పని. అసలు ఎందుకొస్తోంది, రాకుండా ఏం చేస్తే ఆగుతుంది, వచ్చినా ముదరకముందే ఎలా పట్టుకోవాలి అని చూడటం వేరే పని. ఈ రెండోదే నివారణ పరిశోధన. దీనికి ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్లు చాలరు, పొలం వెళ్లేవాళ్లు, కొట్లో కూర్చునేవాళ్లు, నైట్ డ్యూటీలు చేసేవాళ్లు, ఇంట్లో మనవల్ని చూసుకునే అమ్మమ్మలు అందరూ కావాలి. ఆస్పత్రిలో మాత్రమే లెక్కపెడితే ఆస్పత్రి దాకా రాగలిగిన వాళ్ల లెక్కే తేలుతుంది. మనసుకి సంబంధించిన ఇబ్బందుల్లో అయితే ఆ తేడా మరీ ఎక్కువ, ఎందుకంటే మన దగ్గర చాలామంది డాక్టరు గడప తొక్కకముందు గుడికీ, దర్గాకీ, చర్చికీ, భూతవైద్యుడి దగ్గరికీ వెళ్లొస్తారు, ఇంకా చాలామంది ఎక్కడికీ వెళ్లరు.

ఆ డబ్బు ఎవరిది?

మనదే. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖలో ఆరోగ్య పరిశోధన విభాగం అని ఒకటి ఉంది, 2025-26 బడ్జెట్లో దానికి ఇచ్చింది 3,900.69 కోట్లు. మంత్రిత్వ శాఖ మొత్తం కేటాయింపు 99,858.56 కోట్లు. అంటే ఆరోగ్యం మీద కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల్లో పరిశోధన విభాగానికి వెళ్లేది నాలుగు రూపాయలకు కాస్త తక్కువ, అందులోనే ల్యాబులు, జీతాలు, అంటువ్యాధులు, క్యాన్సర్, అన్నీ. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, ఈ విభాగం కిందే నడుస్తుంది, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే మనం ఎన్ఐఎన్ అనేది, ఐసీఎంఆర్‌దే. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కి ఆరోగ్య శాఖ నుంచి వస్తుంది. బయోటెక్నాలజీ విభాగం, శాస్త్ర సాంకేతిక విభాగం కూడా గ్రాంట్లు ఇస్తాయి.

పరాయి దేశాల ప్రజల డబ్బు కూడా మన ఊళ్లకి వస్తుంది, ఇది చాలామందికి తెలియదు. 45 ఏళ్లు దాటినవాళ్ల మీద 2017-18లో 72 వేల మందికి పైగా జనంతో మొదలైన 'లాసీ' సర్వేని ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ నడిపితే, మన ఆరోగ్య శాఖతో పాటు అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ కూడా ఖర్చు పెట్టింది. కాబట్టి మీ ఇంటికి వచ్చినవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎవరు చేస్తున్నారు" అన్నది ఒక్కటే కాదు, "డబ్బు ఎవరిస్తున్నారు" అన్నది కూడా. ఆ రెండూ సమ్మతి పత్రంలోనే రాసి ఉండాలి.

మందుల కంపెనీల దగ్గర బోలెడు డబ్బుంది కదా, వాళ్లు చేయించొచ్చుగా?

నడకకి పేటెంట్ లేదు. అంతే సంగతి.

ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికాలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ సంస్థ డబ్బుతో షుగర్ రాబోయే దశలో ఉన్న 3,234 మందిని తీసుకుని మూడు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి 150 నిమిషాలు నడవాలి, ఒంటి బరువులో 7 శాతం తగ్గాలి. ఇంకో జట్టుకి షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ బిళ్ల. మూడో జట్టుకి ఉత్తుత్తి బిళ్ల. 2002లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి బిళ్ల జట్టుతో పోలిస్తే, నడిచి బరువు తగ్గిన జట్టులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ జట్టులో 31 శాతం. బిళ్ల కన్నా నడక గెలిచిందని తేల్చడానికి ఏళ్ల తరబడి కోట్లు ఏ కంపెనీ పెడుతుంది చెప్పండి? ఉప్పు తగ్గించమని చెప్పే పరిశోధనకి చిప్స్ కంపెనీ చెక్కు రాసిస్తుందా?

ఇంతకాలం చేసి మనకి ఏం ఒరగబెట్టారు?

కోపం న్యాయమే, కానీ ఒరిగింది తక్కువేం కాదు. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకి ఆరు నెలలకోసారి చెంచాతో పోసే విటమిన్ ఏ ద్రావణం గుర్తుందా? ఒకప్పుడు రేచీకటి, దాని తర్వాత కళ్లు పోవడం మన ఊళ్లలో మామూలు సంగతి. పెద్ద మోతాదు విటమిన్ ఏ ఒకేసారి ఇస్తే ఒంట్లో నెలల తరబడి నిల్వ ఉంటుందా అని ఎన్ఐఎన్ పిల్లల్లో పరీక్షించి చూసింది, దాని మీదే 1970లో దేశమంతా కార్యక్రమం మొదలైంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం హైదరాబాద్ చుట్టుపక్కల జరిగిన పని. 1987 నుంచి 1990 దాకా అప్పటి రంగారెడ్డి జిల్లాలో 29 ఊళ్లు తీసుకున్నారు. కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చింది, గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు ఆహారం అందుతోంది. పక్క ఊళ్లలో ఇంకా రాలేదు. పుట్టిన పిల్లల బరువు చూడటం అప్పటి ఉద్దేశం. అక్కడితో ఫైలు మూసేయొచ్చు. కానీ 2003-05లో మళ్లీ అదే ఊళ్లకి వెళ్లారు, అప్పటి పసిపిల్లలు ఇప్పుడు మీసాలొస్తున్న కుర్రాళ్లు, ఓణీలేసిన ఆడపిల్లలు. 1,165 మందిని కొలిచారు. అంగన్‌వాడీ ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, అది సరే, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ అందిన ఆ కాస్త పొడి, ఆ కాస్త గింజ, పదిహేనేళ్ల తర్వాత గుండెజబ్బు, షుగర్ లెక్కల్లో కనిపించింది. ఆ ఊళ్లతో మొదలైన అధ్యయనం తర్వాత వాళ్ల తల్లిదండ్రులకీ, తోబుట్టువులకీ పెరిగింది.

ఇక షుగర్ లెక్కలు. "ఇండియాలో పది కోట్ల మందికి షుగర్" అని టీవీలో వినే ఉంటారు, ఆ అంకె ఐసీఎంఆర్ డబ్బుతో చేసిన 'ఇండియాబ్' అధ్యయనానిది. 2008 నుంచి 2020 దాకా అన్ని రాష్ట్రాల్లో విడతలవారీగా 1,13,043 మందిని పరీక్షించి 2023లో ప్రకటించారు: 11.4 శాతం మందికి షుగర్, 15.3 శాతం మంది దాని అంచున, 35.5 శాతం మందికి బీపీ. అంచున ఉన్న ఆ 15.3 శాతమే నివారణ పరిశోధనకి అసలు మనుషులు.

మరి మానసిక ఆరోగ్యం సంగతి?

ఆలస్యంగా మొదలైంది, ఇప్పటికీ డబ్బు తక్కువ. కానీ తెలుగువాళ్లకి దీనితో దగ్గరి సంబంధం ఉంది. 1980లలో నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో, మామూలు పీహెచ్‌సీ డాక్టర్లకీ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి మానసిక వైద్యం ఊళ్లకి చేర్చడం సాధ్యమేనా అని చేసి చూశారు. అది నడిచింది కాబట్టి 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో పెట్టారు, అందులో ఒకటి మన మెదక్.

2015-16లో నిమ్హాన్స్ జాతీయ సర్వే చేసింది, 12 రాష్ట్రాల్లో 34,802 మంది పెద్దవాళ్లతో మాట్లాడి. సర్వే నాటికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నవాళ్లు 10.6 శాతం అని తేలింది, సమస్యని బట్టి వైద్యం అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశూ లేదు, తెలంగాణా లేదు. కాబట్టి ఆ సర్వే పేరు చెప్పి "తెలంగాణలో ఇంతమందికి డిప్రెషన్" అని ఎవరన్నా రాస్తే నమ్మకండి.

పశ్చిమ గోదావరిలో జరిగింది మాత్రం మన లెక్కే. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి డబ్బుతో అక్కడా, హర్యానాలోనూ కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో 133 ఊళ్లలో ఒక ట్రయల్ చేశారు. ఆశా కార్యకర్త చేతిలో ట్యాబ్, అందులో మనసు గురించి ప్రశ్నలు. మార్కులు ఎక్కువొచ్చినవాళ్లని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపడం, ఆ డాక్టరుకి ఏం చేయాలో చెప్పే సాఫ్ట్‌వేర్, మందు వాడుతున్నారా లేదా అని మళ్లీ ఆశా ఇంటికెళ్లి చూడటం, ఊళ్లో ఈ విషయం మీద సిగ్గు పోగొట్టడానికి వీడియోలు, నాటకాలు. 2024లో ఫలితాలొచ్చాయి. ఏడాది తర్వాత ఈ పద్ధతి నడిచిన ఊళ్లలో డిప్రెషన్ మార్కులు మిగతా ఊళ్లకన్నా సగటున దాదాపు 1.8 తక్కువ, 27 మార్కుల కొలత మీద. మహాద్భుతం కాదు. కానీ సైకియాట్రిస్టు లేని చోట ఆశా, పీహెచ్‌సీ డాక్టరు కలిసి ఆ మాత్రం చేయగలరని తేలడం చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ ఇద్దరూ ఇప్పటికే అన్ని మండలాల్లో ఉన్నారు. నా కంప్లయింట్ ఆశాల వైపు నుంచి: పని మీద పని వాళ్ల నెత్తినే పడుతోంది, ప్రాజెక్టు ఉన్నంతకాలం ఇచ్చే ప్రోత్సాహకం ప్రాజెక్టు వెళ్లిపోయాక ఎవరిస్తారు?

ఇంటికొచ్చి అసలేం అడుగుతారు?

అధ్యయనాన్ని బట్టి. తిండి సర్వే అయితే "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి" అని మొదలవుతుంది. టీలో పంచదార ఎంత, పచ్చడి వేసుకున్నారా, వండిన అన్నం మొత్తం ఎంత, అందులో మీ వాటా ఎంత. కొలత గిన్నెలు తెచ్చుకుంటారు, మీ గరిటెతో పప్పు ఎంత వడ్డిస్తారో ఆ గిన్నెలో చూపించమంటారు. కాస్త విసుగే. బీపీ అయితే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, ఒకటికి రెండుసార్లు చూడాలి. వచ్చీ రాగానే పట్టీ చుట్టేసి ఒక్కసారి చూసి రాసుకుపోతే ఆ పని సరిగ్గా చేయట్లేదని అర్థం.

మనసు గురించైతే ఎక్కువగా వాడేది తొమ్మిది ప్రశ్నల ఫారం. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర పట్టకపోవడం లేదా అతిగా పట్టడం, నీరసం, ఆకలి, మన మీద మనకే చులకన, ధ్యాస నిలవకపోవడం... ఒక్కోదానికి "అస్సలు లేదు" నుంచి "దాదాపు రోజూ" దాకా సున్నా నుంచి మూడు మార్కులు. పది, ఆ పైన వస్తే డిప్రెషన్ అని కాదు, డాక్టరు ఒకసారి చూడాలని. ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు. వరండాలో అత్తగారు చిక్కుళ్లు ఒలుచుకుంటూ వింటుంటే కోడలు నిజం చెప్తుందా? "లోపల కూర్చుని మాట్లాడదాం" అని మీరు అడగొచ్చు, అది మీ హక్కు.

"చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కాదు. ఈ భయం పెద్దవాళ్లలో చాలా ఉంది గానీ, అడగడం వల్ల ఆ ఆలోచన పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. అయితే అడిగినవాళ్లకి ఒక బాధ్యత ఉంటుంది: "అవును" అన్న మనిషిని టిక్కు పెట్టుకుని వదిలి వెళ్లకూడదు, ఆ రోజే ఎక్కడికి పంపాలో ముందే ఏర్పాటు చేసుకుని ఉండాలి. పరిశోధనలో మనుషులకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీలు ఈ విషయం గట్టిగా అడుగుతాయి.

సంతకం ఎందుకు? సంతకం అంటేనే భయం.

భయం కన్నా ప్రశ్నలు మంచివి. మన దగ్గర దీనికి చేదు చరిత్ర ఉంది. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా ఇచ్చారు, దాదాపు 14 వేల మందికి. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే: 2,763 సమ్మతి ఫారాల మీద తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. గిరిజన పిల్లలు, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకి కబురే లేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ఆ పద్ధతి మంచిది కాదు, ఈ రెండూ కలిపేసి టీకానే తిట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది.

2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఇప్పుడు ఇవి తప్పనిసరి: మీ భాషలో వివరించాలి, చదవడం రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి, పత్రం కాపీ మీకు ఇవ్వాలి, మధ్యలో మానేస్తానంటే కారణం అడగకుండా వదిలేయాలి, దానివల్ల మీ పీహెచ్‌సీ వైద్యం ఆగకూడదు. పిల్లలయితే అమ్మానాన్నల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలి. మానసిక జబ్బు ఉన్నవాళ్ల విషయంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ పరిశోధనకి విడిగా సమ్మతి కావాలంటుంది. "సర్పంచ్ గారు సరేనన్నారు" అన్నది మీ సమ్మతి కాదు.

డబ్బులిస్తారా?

కూలి పోతే కూలి, దారిఖర్చులు ఇవ్వొచ్చు. డబ్బు ఆశ చూపి ఒప్పించకూడదు. మీ దగ్గర డబ్బు అడిగితే, ఓటీపీ అడిగితే అది పరిశోధన కాదు, మోసం.

మా ఊరికి ఏమీ ఇవ్వకుండా పక్క ఊరికి ఇస్తే అన్యాయం కాదా?

కంట్రోల్ గ్రూపు గొడవ ఇదే. ఏ ఊరు ఏ వైపు అన్నది లాటరీ, అందులో సిఫార్సులు చెల్లవు. పోల్చడానికి ఒక వైపు మామూలుగా ఉండకపోతే, ఆ ఏడాది వర్షాలు బాగా పడి అందరి మనసులూ కుదుటపడ్డాయా, లేక ఆశా అక్క పనివల్ల తగ్గిందా అని ఎలా చెప్తాం? అయితే కంట్రోల్ అంటే ఉన్న వైద్యం ఆపేయడం కాదు. మీకు మామూలుగా అందేది అందాల్సిందే, పరీక్షలో బీపీ బాగా ఎక్కువుందని తెలిస్తే ఏ గ్రూపు అయినా సరే చెప్పి పంపాల్సిందే.

నా జవాబులు బయటికొస్తే? ఇంట్లో పెళ్లికావాల్సిన పిల్ల ఉంది.

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. పేరు తీసేసి నంబరు పెడతారు, పేరుకీ నంబరుకీ లంకె ఉన్న జాబితా విడిగా తాళం వేసి ఉంచాలి. ప్రచురించేది శాతాలే. కాగితం మీద ఇది గట్టిగానే ఉంది. ఊళ్లో సమస్య కాగితంతో కాదు, నోళ్లతో. సర్వే చేసే మనిషి మీ వీధిలోనే ఉంటే, ఆమె ఎంత మంచిదైనా, "వేరే ఊరి వాళ్లని పంపండి" అని అడగడంలో తప్పులేదు.

యోగా మీద పరిశోధన అంటే ముందే ఫలితం రాసిపెట్టుకుని చేస్తారు కదా?

కొన్ని అలాగే ఉంటాయి, దాచడం ఎందుకు. కానీ అన్నీ కాదు. ఐసీఎంఆర్, బ్రిటన్ ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి కలిసి హార్ట్ ఎటాక్ వచ్చి కోలుకుంటున్న 3,959 మంది మీద, దేశంలోని 24 ఆస్పత్రుల్లో యోగాని పరీక్షించాయి. 2020లో ప్రకటించారు: మళ్లీ ఎటాక్, పక్షవాతం, మరణం లాంటివి తగ్గాయని గట్టిగా చెప్పలేకపోయారు, కానీ యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందనుకోవడం, పాత పనుల్లోకి తిరిగి రావడం మెరుగ్గా ఉంది. రెండు ముక్కలూ రాశారు. వాట్సాప్‌లో రెండో ముక్కే తిరుగుతుంది.

వాట్సాప్‌లో "ఐసీఎంఆర్ తేల్చింది" అని వస్తే?

ఎక్కడ, ఏ ఏడాది, ఎంతమంది మీద అని చూడండి. మూడూ లేకపోతే ఫార్వర్డ్ చేయకండి. 2024 మేలో ఎన్ఐఎన్ ఆహార మార్గదర్శకాలు 17 సూత్రాలతో విడుదల చేస్తే, అందులో రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటొద్దు అన్నది ఎవరికీ పట్టలేదు, టీ కాఫీల గురించి ఉన్న నాలుగు వాక్యాలు మాత్రం వారంపాటు చక్కర్లు కొట్టాయి.

అమెరికాలో మా అబ్బాయి ఉన్నాడు, వాళ్లకి ఇలాంటివి ఉంటాయా?

ఉన్నాయి. మసాలా అని పేరు పెట్టుకున్న అధ్యయనం ఒకటి, అక్కడి దక్షిణాసియా వాళ్లలో గుండెజబ్బులు ఎందుకెక్కువో చూడటానికి ఎన్ఐహెచ్ డబ్బుతో 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం, షికాగోల్లో 906 మందితో మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకి ఇది నేరుగా పనికొచ్చే పరిశోధన.

ఫలితాలు మాకెందుకు చెప్పరు?

చెప్పాలి. చాలామంది చెప్పరు. రక్తం తీసుకుని రిపోర్టు కూడా ఇవ్వకుండా వెళ్లిపోయారన్న మాట ఊళ్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, అందులో నిజముంది. ముందే అడిగి రాయించుకోండి: నా రిపోర్టు ఎప్పుడిస్తారు, ఊరి ఫలితం ఎప్పుడు చెప్తారు. ట్రయల్ అయితే సీటీఆర్ఐ అనే ఉచిత రిజిస్టర్లో పేరు కొట్టి చూడొచ్చు, ఐసీఎంఆర్ దీన్ని 2007 నుంచి నడుపుతోంది, ఎవరు డబ్బిచ్చారు, ఏం కొలుస్తామన్నారు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది అన్నీ ఉంటాయి. ఏం కొలుస్తామని మొదట రాశారో, చివరికి పేపర్లో ఏం గొప్పగా చెప్పుకున్నారో పోల్చి చూస్తే భలే విషయాలు బయటపడతాయి. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు దరఖాస్తు ఎలాగూ ఉంది.

ఒక్క ఫలితానికి ఇన్నేళ్లా?

షుగర్ రావడానికి ఏళ్లకేళ్లు పడుతుంది, గ్రాంటు మూడేళ్లకి ఇస్తారు. చిక్కంతా ఇక్కడే. రంగారెడ్డి జిల్లా పిల్లల ఫలితం 2008లో పత్రికలో వచ్చింది, పని మొదలైన ఇరవై ఏళ్లకి. మధ్యలో ఎవరో ఒకరు పాత జాబితాలు పారేయకుండా దాచారు కాబట్టి, ఇల్లిల్లూ వెతికి ఆ పిల్లల్ని పట్టుకున్నారు కాబట్టి వచ్చింది. గ్రాంటు అయిపోగానే ఫీల్డ్ సిబ్బందిని ఇంటికి పంపేస్తే, ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడో తెలిసిన మనిషి వెళ్లిపోయినట్టే, ఆ మనిషిని తర్వాత ఏ కంప్యూటరూ తెచ్చివ్వదు. కొత్త ప్రాజెక్టులకి రిబ్బన్ కత్తిరించే ఉత్సాహంలో సగమన్నా పాతవాటిని నడిపించడంలో ఉంటే బాగుండును.

ఇవన్నీ సరే, నాకు ఇప్పుడే నిద్ర పట్టట్లేదు, మనసు బాలేదు. సర్వేలో చేరితే వైద్యం చేస్తారా?

సర్వే కోసం ఆగకండి. పరిశోధన వేరు, వైద్యం వేరు. 14416కి ఫోన్ చేయండి, టెలీమానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. ఫోన్లో చెప్పలేకపోతే మీ పీహెచ్‌సీ డాక్టరుతో, లేదా జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ రాయించుకుని చూపించుకోండి. బీపీ, షుగర్, థైరాయిడ్ కూడా అదే రోజు చూడమని అడగండి, నిద్ర పట్టకపోవడానికి ఒక్కోసారి కారణం అక్కడే ఉంటుంది.